పై కామా పెట్టని కురుమూర్తి సారు

కురుమూర్తి సారు కీబోర్డు మీద అక్షరాలేవీ కనబడవు. కొట్టి కొట్టి అన్నీ అరిగిపోయాయి. ఏ మీట ఏదో ఆయన వేళ్లకే తెలియాలి. ఒక్క మీట మాత్రం కొన్న రోజు ఎలా ఉందో ఇప్పటికీ అలాగే ఉంది, దాని మీద గుర్తు నల్లగా నిగనిగలాడుతోంది. దానిని నొక్కితే ఇంగ్లీషులో అపాస్ట్రఫీ పడుతుంది. కామాను తీసుకెళ్లి అక్షరం నెత్తిమీద కూర్చోబెట్టినట్టు ఉంటుందే, అది. మా వీధిలో దాన్ని పై కామా అంటాం. అలాంటి మీట ఒకటి ఉందని కూడా మా వీధికి సారు వల్లే తెలిసింది, ఎందుకంటే ఆయన దాన్ని ముట్టడు.

నా పేరు శైలజ. గద్వాలలో ఆఫీసులుండే వీధిలో నాది జిరాక్స్ షాపు, సారుది టైపింగ్ షాపు. మధ్యలో ఒక రేకు అడ్డం. పన్నెండేళ్లుగా రేకుకు అటు నుంచి ఆయన, ఇటు నుంచి నేను పోట్లాడుకుంటున్నాం. ఫ్యాను గాలికి ఆయన కాగితాలు నా షాపులోకి వస్తాయని ఒకరోజు, నా గిరాకీ ఆయన బల్ల మీద కూర్చుంటుందని ఒకరోజు. నాకు కోపం తొందరగా వస్తుంది, దాచుకునే అలవాటు కూడా లేదు. అయినా మధ్యాహ్నం టీ మాత్రం ఒకే ప్లాస్కులోది.

సారుది నాగర్‌కర్నూల్ దగ్గర పల్లె. వనపర్తిలో టైపు నేర్చుకున్నాడు, లోయరు, హయ్యరు పరీక్షలు రెండూ పాసయ్యాడు. అక్కడి మాస్టారు చేతిలో స్కేలు పట్టుకుని వెనక తిరిగేవాడట. ఆఫీసు ఉత్తరంలో ‘డు నాట్’ అని కొట్టాల్సిన చోట ‘డోంట్’ అని కొడితే వేళ్ల గణుపుల మీద పడేది. ఆ దెబ్బలు సారుకు ఇంకా తగ్గలేదు. ఎవరైనా పిల్లలు సెల్‌ఫోన్‌లో ‘ఐయామ్’ బదులు ‘ఐమ్’ అని రాసుకొచ్చి చూపిస్తే, కళ్లజోడు నుదుటి మీదికి తోసి అందరికీ చెప్పే పాఠమే చెబుతాడు.

“సూడు బిడ్డ. డోంట్ అనేది లుంగీ. డు నాట్ అనేది ప్యాంటు. ఇంట్ల లుంగీ కట్టుకో, ఎవరొద్దన్నరు? గల్లీ మూలకు హోటల్‌కు పోయి చాయ్ తాగిరా, దోస్తుగాని ఇంటికి పో, ఏం గాదు. కలెక్టర్ సారు తానకి లుంగీ మీద పోతవా? పోవు గదా. గట్లనే ఇది గూడ.”

చెప్పొద్దూ, పాఠం బాగానే ఉంటుంది. కాకపోతే ఆయన దగ్గర ఇంట్లో కూడా ప్యాంటే. పెళ్లయిన కొత్తలో సారు భార్య పుష్పమ్మక్క పురిటికి పుట్టింటికి పోతే, ఈయన మిషన్ మీద ఇంగ్లీషులో ఉత్తరం కొట్టి పంపాడట. అది పట్టుకుని పుష్పమ్మక్క తమ్ముడు ఊళ్లో టీచరు దగ్గరికి పోతే, ఆయన చదివి ‘ఇదేదో నోటీసు లాగుందయ్యా, ఎక్కడా సంతకం పెట్టొద్దని చెప్పు మీ అక్కకు’ అన్నాడట. నిన్నగాక మొన్న ఒక పిల్లవాడు దోస్తు పుట్టినరోజు ఫ్లెక్సీకి నాలుగు ముక్కలు కొట్టించుకోవడానికి వస్తే, ‘డోంట్ వర్రీ’ని ‘డు నాట్ వర్రీ’ చేసి పంపాడు. ఆ ఫ్లెక్సీ చూసిన వాళ్లంతా ఏమైందో ఏమోనని నిజంగానే వర్రీ అయ్యారు.

ఇంత చెప్పినా, మా వైపు జనానికి ఆయనంటే నమ్మకం. ధరూర్ నుంచి, అలంపూర్ నుంచి షేర్ ఆటోల్లో వచ్చి మరీ ఆయన దగ్గరే కొట్టించుకుంటారు. ‘కురుమూర్తి సారు కొడితే కాయితం వాపస్ రాదు’ అంటారు. నిజమే, రాలేదు. హెప్సిబా కాగితం వచ్చేదాకా.

హెప్సిబాది ధరూర్ మండలంలో ఒక ఊరు. ఇంటర్ పాసైంది. నాయిన తిరుపతయ్య, అమ్మ సారమ్మ ఏటా పత్తి పనులయ్యాక పుణె వైపు బిల్డింగు పనికి పోతారు. ఈసారి మేస్త్రీ దగ్గర పిల్ల పేరు కూడా రాయించారు. ఆ పిల్లకేమో నర్సింగు చదవాలని ఉంది. హైదరాబాద్‌లో ఒక ట్రస్టు ఉందట, ఏడాదికి పదిమంది ఆడపిల్లలకు కాలేజీ, హాస్టలు అన్నీ వాళ్లే చూసుకుంటారట. అప్లికేషన్‌తో పాటు ‘నేను నర్సు ఎందుకు కావాలనుకుంటున్నాను’ అని ఇంగ్లీషులో ఒక పేజీ రాసి పంపాలి. అది కుదిరితే హైదరాబాద్, కుదరకపోతే పుణెలో ఇటుకలు. మధ్యలో ఇంకేమీ లేదు.

ఆగస్టులో, అప్లికేషన్‌కు ఆఖరు రోజున వచ్చింది ఆ పిల్ల. నోట్‌బుక్ కాగితం మీద ఒక పేజీ తనే రాసుకొచ్చింది. సారు తీసుకుని చూశాడు. మొదటి వరుసలోనే ‘ఐమ్ హెప్సిబా’ అని ఉంది. రెండో వరుసలో ‘డోంట్’. మూడో వరుసకు సారు మొహం చింతకాయ కొరికినట్టయింది.

“ఏంది బిడ్డా, వరుసకు రెండు పై కామాలా! గింతమంది పెద్దమనుషులు సూసే కాయితం ఇది. నువ్వు కూసో, నేను మంచిగ కొట్టి ఇస్త.”

“సార్, వాళ్లు సొంతంగ రాయమన్నరు సార్.”

“నీ పేరే గదా ఉండేది? సొంతమే.”

అప్పటికి నాలుగున్నర. అయిదుకల్లా మెయిల్ పోవాలి. సారు కంప్యూటర్‌లో ‘బీద విద్యార్థిని’ అని ఒక ఫైలు ఉంది. ఏ ఆడపిల్ల ఏ సాయానికి వచ్చినా అదే తీస్తాడు, పేరు మారుస్తాడు, ఊరు మారుస్తాడు, తండ్రి పేరు మారుస్తాడు. అంతకుముందు అది ఎవరికి వాడాడో వాళ్ల ముక్కలు కొన్ని అందులోనే ఉండిపోతాయి. చివర్లో స్క్రీను మీద చూపుడువేలు పెట్టి వరుస వెంబడి వరుస నడిపిస్తాడు. అది చదవడం అనుకుంటారు అందరూ. నేనూ అలాగే అనుకున్నాను. చదవడం కాదు, పై కామాలు ఏమైనా దూరాయేమోనని వెతకడం. ఆరోజు కూడా వెతికాడు. ఒక్కటీ లేదు. హాయిగా ఊపిరి పీల్చి రేకు మీద టకటకా కొట్టాడు.

ప్రింటు నా చేతికి వచ్చేసరికి అయిదుకు పది నిమిషాలు తక్కువ. నేను స్కాన్ చేశాను, మెయిల్ పెట్టాను. చదివానా? చదవలేదు. నా చేతుల మీదుగా రోజుకు అయిదారు వందల కాగితాలు పోతాయి, అన్నీ చదువుతూ కూర్చుంటే ఇల్లు గడిచినట్టే. హెప్సిబాకు చూపించే తీరిక కూడా లేదు. ‘పోయింది పోవే, బస్సు దొరకదు నీకు’ అని నేనే తరిమాను. ఇందులో నా తప్పు కూడా ఉందని ఇక్కడే చెప్పేస్తున్నాను, మళ్లీ ఎవరూ అడగొద్దు.

పది రోజుల తర్వాత తిరుపతయ్యకు ఫోన్ వచ్చింది. పత్తి చేన్లో మందు కొడుతున్నాడట. అవతల ట్రస్టు మేడం. ఆ సంభాషణ ఆయన తర్వాత మా షాపు ముందు ఎన్నిసార్లు చెప్పాడో, నాకు నోటికొచ్చేసింది.

“హెప్సిబా ఇంట్లో వాళ్లేనా?”

“అవును మేడం, నేను ఆమె నాయినను.”

“ఏ నాయన?”

“ఏ నాయిన అంటే? నాకు తెలిసి ఒక్కడే. తిరుపతయ్య.”

తర్వాత మేడం మెల్లగా, “తిరుపతయ్య గారు రెండేళ్ల కిందట చనిపోయారని ఇక్కడ రాసి ఉందండీ” అన్నదట.

తిరుపతయ్య ముందు ఇది ఏదో మోసం ఫోన్ అనుకున్నాడు. బ్యాంకు నంబరు అడుగుతారేమోనని ఎదురుచూశాడు. ఆమె నంబరు అడగలేదు. అబద్ధం రాసిన అప్లికేషన్లు తీసుకోబోమని, ఇది పక్కన పెట్టేస్తున్నామని చెప్పింది. అప్పుడు అదే చేన్లో ఉన్న హెప్సిబా ఫోను లాక్కుని ఏడుస్తూ ఏం చెప్పిందో, ఎలా చెప్పిందో, మేడం ఆఖరికి ఒక మాట ఇచ్చింది. రేపు పన్నెండింటిలోగా నిజంగా ఏం జరిగిందో, నీ గురించి నువ్వు ఏం చెప్పుకోవాలో సొంతంగా రాసి పంపు, చదివి మేమే ఫోన్ చేస్తాం, ఆ తర్వాత ఇంకో అవకాశం ఉండదు.

మర్నాడు పొద్దున తొమ్మిదిన్నరకు తండ్రీ కూతుళ్లు బండి దిగారు. సారు అప్పుడే దేవుడి పటానికి అగరొత్తి వెలిగించి కూర్చున్నాడు. తిరుపతయ్య నేరుగా పోయి బల్ల ముందు నిలబడ్డాడు. పొడుగు మనిషి. ఆయన నీడ కీబోర్డు మొత్తాన్ని కమ్మేసింది.

“సారు, నమస్తె. నేను సచ్చి రెండేండ్లయింది. ఎట్లున్నరు?”

సారు ఎగాదిగా చూశాడు. “ఎవరు నాయినా మీరు?”

“తిరుపతయ్యను. జర నాకు ఏం రోగమొచ్చి పోయిన్నో గూడ చెప్తే, మా ఇంటామెకు చెప్తా. ఆమెకు ఇంకా తెల్వదు. పొద్దుగాల గూడ రొట్టెలు చేసి పెట్టింది.”

నేను రేకు ఇవతల నవ్వాపుకోలేక ఫక్కున నవ్వాను. ఆ తర్వాత హెప్సిబా మొహం చూసి నోరు మూసుకున్నాను. ఏడ్చి ఏడ్చి కళ్లు వాచిపోయి ఉన్నాయి. సారు ఫైలు తెరిచాడు. వేలు పెట్టి చదివాడు. ఈసారి నిజంగా చదివాడు. నాలుగో వరుస దగ్గర వేలు ఆగిపోయింది. అలంపూర్ వైపు ఒక పిల్ల కోసం జూలైలో కొట్టిన మాట అది. పాపం ఆ పిల్ల తండ్రి నిజంగానే పోయాడు. తండ్రి పేరు ఉన్న చోటల్లా తిరుపతయ్య పేరు పెట్టాడు సారు, చావును తీయడం మరిచాడు.

“చెల్లె,” అన్నాడు నావైపు తిరిగి. ఆయన గొంతు అలా పడిపోవడం నేనెప్పుడూ వినలేదు. “పై కామా ఒక్కటి గూడ లేదు సూడు. ఒక్కటంటే ఒక్కటి. మనిషిని సంపిన, అది కనబళ్లే నాకు.”

నాకు తిట్టాలనిపించింది, తిట్టలేకపోయాను. ఆ కాగితం నా చేతిలో నుంచి కూడా పోయింది కదా. ప్లాస్కులో టీ పోసి తిరుపతయ్యకు ఇచ్చాను. ఆయన కోపంగా ఉన్నా టీ తాగాడు.

“సార్,” అంది హెప్సిబా, “టైం పోతోంది సార్. మల్ల రాద్దాం.”

సారు వెంటనే కూర్చున్నాడు. వేళ్లు వాటంతట అవే మొదలుపెట్టాయి, ‘రెస్పెక్టెడ్ మేడం, ఐ హంబ్లీ బెగ్ టు సబ్మిట్’ అని. హెప్సిబా ఆయన చెయ్యి పట్టుకుంది. అంత పెద్దాయన చెయ్యి పట్టుకోవడానికి ఎంత ధైర్యం కావాలి చెప్పండి.

“గది ఒద్దు సార్. నేను చెప్త, మీరు కొట్టుండ్రి. నేను ఏమంటే అదే.”

“ఇంగ్లీషుల చెప్తవా?”

“వచ్చినంత చెప్త.”

చెప్పడం మొదలుపెట్టింది. రెండో మాటకే ‘డిడింట్’ వచ్చింది. సారు చిటికెనవేలు ఆ కొత్త మీట మీదికి పోయి ఆగింది. నొక్కదు, వెనక్కి రాదు. గడియారం పదీ పదిహేను. నాకు ఒళ్లు మండిపోయింది.

“అన్నా, నొక్కు! అదేమన్న షాక్ కొడ్తదా?”

“ఆగు చెల్లె. గది లుంగీనా ప్యాంటా తేల్చుకోవాలె. ఈ మేడం ఆఫీసరా, ఇంటి మనిషా?”

తిరుపతయ్య టీ గ్లాసు కింద పెట్టాడు. “సారు, నేను సచ్చిన్నని నాకే చెప్పిన మనిషి ఆమె. ఇంగ ఆమె తాన ఏం మర్యాద మిగిలింది?”

హెప్సిబా మాత్రం ఏడుపు గొంతుతోనే అంది. “సార్, మీరు ఇంటికి ఫోన్ చేసి వస్తున్నాను అంటరా, వస్తున్న అంటరా? వస్తున్న అంటరు. మా కాలేజీల లెక్చరర్ నన్ను గిట్లనే లేపి నిలబెడుతుండె, వస్త అనకు, వస్తాను అను అని. నేను వస్తాను అంటే అది నాకే వేరేటోళ్లు మాట్లాడినట్టుంటది సార్. ఆ మేడం నన్ను సూడాలన్నది. మీ ప్యాంటు మంచిదే. కానీ అది వేరే పిల్లది.”

మాకందరికీ తగిలింది ఆ మాట. ఇదంతా రాస్తూ నేను ‘చేశాను, చూశాను’ అని సాగదీస్తున్నాను కదా, నోటితో అయితే చేసిన, చూసిన అనే అంటాను. బడిలో దీనికి నేనూ బెంచీ ఎక్కాను.

టక్. నొక్కాడు సారు. మీట గట్టిగా ఉన్నట్టుంది, రెండుసార్లు పడింది. ఒకటి తుడిపాడు.

ఆ తర్వాత ఆగలేదు. ఆ పిల్ల చెప్పింది చెప్పినట్టు కొట్టాడు. నేను రేకు దాటి వచ్చి వెనక నిలబడి చదివాను. దాని అర్థం ఇది: మా నాయిన చనిపోలేదు. నా వెనకే నిలబడి టీ తాగుతున్నాడు, కోపంగా ఉన్నాడు. ఆ ఉత్తరం నేను చదవకుండా పంపాను, అది నా తప్పు. మా నాయనమ్మకు షుగరు, కాలికి పుండు పడింది. దవాఖానలో సిస్టర్ ఒకామె కట్టు కట్టడం నాకు చూపించింది. ఎనిమిది నెలలు రోజూ నేనే కట్టాను. కాలు తీసేయాలన్నారు, తీయలేదు. నాయనమ్మ ఇప్పుడు నడుస్తోంది, నన్ను తిడుతోంది కూడా. నాకు ఇంగ్లీషు ఎక్కువ రాదు. పుండు చూస్తే భయం మాత్రం లేదు.

“ఏం రాసినవ్ నా గురించి?” అన్నాడు తిరుపతయ్య.

“నువ్వు సావలే అని.”

“గంతేనా?”

“కోపంగ ఉన్నవని గూడ.”

“ఆ, అది మంచిది,” అన్నాడాయన.

అక్కడితో అయిపోతుందనుకున్నాను. సారు ఇంకో కొత్త పేజీ తెరిచాడు. ఖాళీ పేజీ, ఏ ఫైలూ కాదు. చాలాసేపు దానివైపు చూస్తూ కూర్చున్నాడు. ఎన్ని వేల సార్లు కొట్టి ఉంటాడు ‘ఐ’ అనే అక్షరాన్ని! ఒక్కసారి కూడా అది ఆయన కాదు. రైతు, కూలీ, చదువుకునే పిల్ల, పింఛను ముసలమ్మ, అందరి తరఫునా ‘నేను’ అన్నాడు. తన పేరుతో ఎలా మొదలుపెట్టాలో ఆయనకే తెలియలేదు. ఆఖరికి నాలుగు వరుసలు కొట్టాడు. నేను కురుమూర్తిని, టైపిస్టును. ఆ తప్పు నాది, ఆ పిల్లది కాదు. వేరే పిల్ల ఉత్తరం తీసి పేరు మార్చాను. చదవలేదు. ఆ ఆఖరి మాట దగ్గర ‘ఐ డిడ్ నాట్ రీడ్ ఇట్’ అని నిండుగా కొట్టాడు.

“ఇక్కడ గూడ పై కామా పెట్టొచ్చు గదా అన్నా,” అన్నాను ఊరికే.

“ఒద్దు చెల్లె. ఆ పిల్ల తన ముచ్చట చెప్పుకుంటుంది, కట్ చేసినా ముద్దుగుంటది. నేను తప్పు ఒప్పుకుంటున్న. నాట్ అనే మాట పూర్తిగ కనబడాలె.”

రెండు కాగితాలూ నేనే మెయిల్ పెట్టాను. చదివి పెట్టాను, రెండుసార్లు. పదకొండూ యాభై.

ఒంటిగంటకు ఫోన్ వచ్చింది. హెప్సిబా స్పీకర్ ఆన్ చేసి బల్ల మీద పెట్టింది. మేడం ఇంగ్లీషులో ఏవేవో అడిగింది, పిల్ల తడబడుతూ చెప్పింది, ఒకచోట మాట దొరక్క తెలుగులోకి దిగిపోయింది. పుండు ఎలా కడిగేదానివి అని అడిగితే మాత్రం తడబడలేదు, చేతులు తిప్పుతూ చెప్పింది, ఫోన్లో ఆమెకు చేతులు కనబడతాయా అని నేను మనసులో తిట్టుకున్నాను.

“నాన్నగారు ఉన్నారా?” అంది మేడం.

“ఉన్నడు మేడం,” అన్నాం ముగ్గురం ఒక్కసారే.

ఆమె నవ్వింది. “తిరుపతయ్య గారూ, సీటు ఇస్తున్నాం. మూడేళ్లు మధ్యలో మాన్పించకూడదు. పనికి తీసుకుపోకూడదు. పంపిస్తారా?”

తిరుపతయ్య కండువా తీసి మళ్లీ భుజం మీద వేసుకున్నాడు. మేస్త్రీకి మూడు పేర్లు చెప్పి వచ్చిన మనిషి. హెప్సిబా తండ్రి వైపు చూడకుండా నేల చూపులు చూస్తోంది. ప్లాస్కు మూతను నేను ఎన్నిసార్లు తిప్పానో నాకే తెలియదు.

“పంపిస్త,” అన్నాడు.

సారు ఊరుకోవచ్చు కదా. అలవాటు ఎక్కడికి పోతుంది? వంగి చెవిలో, “పంపిస్తానండీ అనవయ్యా, మేడంతోని మాట్లాడుతున్నవ్,” అన్నాడు.

తిరుపతయ్య ఆయనవైపు ఒక్క చూపు చూసి ఫోను దగ్గరికి వంగాడు. “పంపిస్త మేడం. పంపిస్త అంటే పంపిస్త.”

ఫోను పెట్టేశాక ఆయన బయటికి పోయి బండి దగ్గర అటు తిరిగి నిలబడ్డాడు. కండువాతో మొహం తుడుచుకుంటున్నట్టు కనబడింది. ఎండ కూడా అలాగే ఉందిలెండి ఆరోజు. హెప్సిబా నన్ను పట్టుకుని ఏడ్చింది, నేనూ ఏడ్చాను, మధ్యలో ఒకాయన ఆధార్ జిరాక్స్ కోసం వస్తే కసిరి పంపేశాను.

సాయంత్రం షట్టరు దించే ముందు సారు ‘బీద విద్యార్థిని’ ఫైలు తీసేశాడు. నిజంగా తీసేయాలా అని కంప్యూటర్ ఒకసారి అడిగింది, ఆయన గట్టిగా అవును అన్నాడు, మీటతో కాదు, నోటితో. తర్వాత మీట నొక్కాడు.

లుంగీ ప్యాంటు పాఠం ఇప్పటికీ చెబుతాడు. కాకపోతే ఇప్పుడు అది రెండో పాఠం. మర్నాడు పొద్దున ఒక పిల్ల సర్టిఫికెట్లు ఛాతీకి అదుముకుని వచ్చి స్కాలర్‌షిప్ ఉత్తరం కావాలంది. నేను రేకు ఇవతల నుంచి చెవి ఒగ్గి విన్నాను. సారు కళ్లజోడు నుదుటి మీదికి తోశాడు, కుర్చీ చూపించాడు.

“కూసో బిడ్డ,” అన్నాడు. “ముందుగాల చెప్పు. మీ నాయిన ఉన్నడా?”